లింకన్‌షైర్ ఇంటికి ఆషాఢం అడ్డు

పంతులుగారి ఫోను పెట్టేశాక గదిలో ఏసీ చప్పుడొక్కటే మిగిలింది.

పేరమ్మ ఫోన్ని మంచం మీద బోర్లా పెట్టింది. తమ్ముడి మొహం చూడలేదు. ప్లైవుడ్ గోడకి మేకు కొట్టి తగిలించిన అతని డ్రైవరు యూనిఫారం వంక చూసింది.

"ఏరా శేషూ, ఆయనేవన్నారో విన్నావా?"

వినలేదనడానికి ఆదిశేషుకి వీల్లేదు. స్పీకరు పెట్టింది అక్కే. కోనసీమలో అరుగు మీద కూర్చున్న పంతులుగారి గొంతు షార్జాలో ఈ అగ్గిపెట్టె గదంతా నిండింది. ఆషాఢంలో పాలు పొంగించకూడదు గానీ, కొనే కాయితాల మీద సంతకానికి ఏ దోషమూ లేదన్నారాయన. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఈ మాట మొన్ననే మీ తమ్ముడికి చెప్పానే, నీకు చెప్పలేదా అమ్మా?" అని కూడా అన్నారు. ఇంకేదో చెప్పబోతుంటే పేరమ్మే ఉంటానండి అని పెట్టేసింది.

"విన్నాను," అన్నాడు.

"మొన్నంటే ఎప్పుడు?"

"పోయిన వారం."

"పోయిన వారం నించీ ఆ మాట కడుపులో పెట్టుక్కూచున్నావా?"



పేరమ్మ లేచింది. లేచాక ఎటు నడవాలో తెలియక మళ్లీ కూర్చుంది. అల్ నహ్దాలో ఒక ఫ్లాటు హాలుని నాలుగు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఈ గది. మంచం వేశాక నిలబడ్డానికి చోటుంటుంది గానీ కోపమొస్తే తిరగడానికి ఉండదు. భార్యా కూతురూ ఉన్నప్పుడు ఇదే వీధిలో వేరే అద్దిల్లు ఉండేది. వాళ్లిద్దరూ ఇంగ్లండు వెళ్లాక అంత చోటు ఎందుకని ఆదిశేషు ఇందులోకి మారాడు.

"సత్యతో ఏం చెప్పావు?"

"ఏం చెప్పలేదు."

"ఏం చెప్పకపోతే ఆ పిల్ల సంతకం ఆపుక్కూచుంటుందా? నెల నించీ నాకు ఫోను లేదు. వాట్సాప్‌లో దణ్ణం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటోంది. డ్యూటీలెక్కువేమో పాపం అనుకున్నాను. ఇదా సంగతి. వదిన ఒప్పుకోట్లేదని చెప్పావు, అవునా?"

ఆదిశేషు గోటితో మంచం పట్టీ గీరుతున్నాడు.

"అవునా?"

"ఆషాఢం అని నువ్వే కదక్కా అన్నావు."

"నేనేవన్నాను? ఆషాఢం కదరా, ఎవర్నన్నా అడిగి చెయ్యండి అన్నాను. అడగమన్నాను. అడ్డం పడ్డానా? నేను చదివింది నాలుగో క్లాసు. నాకు పంచాంగం వచ్చని ఆ పిల్లకి ఎలా నమ్మించావురా?"

గోడ అవతల నించి అజ్మల్ దగ్గాడు. రాత్రి డ్యూటీ మనిషి, పగలు పడుకుంటాడు. ఆ దగ్గుకి అర్థం తెలిసి పేరమ్మ గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతులో కోపం ఇంకా గట్టిగా ఉంది.

"పెళ్లైన ఇన్నేళ్లకి మొట్టమొదటిసారి సొంతిల్లు అంటోంది. ఆడపడుచు అడ్డం పడి చెడగొట్టిందని రేపు నీ కూతురు కూడా చెప్పుకుంటుంది. చేసింది నువ్వు, పేరు నాది."

ఆదిశేషు లేచి ఫ్లాస్కులోంచి టీ ఒంపాడు. అక్కకి గ్లాసు అందించాడు. ఆవిడ పుచ్చుకోలేదు. గ్లాసు కిటికీ అంచున పెట్టాడు. కిటికీకి అవతల మరో బిల్డింగు కిటికీ, దాని మీద ఎవరివో ఆరేసిన లుంగీలు.

ఇంగ్లండులో లింకన్‌షైర్ అనే కౌంటీలో ఒక ముసలివాళ్ల హోములో సత్యకుమారి నర్సు. అంతకు ముందు షార్జాలోనే ఒక క్లినిక్‌లో చేసేది. అక్కడికెళ్లాక అద్దింట్లో ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా అమ్మకానికున్న ఇళ్లు చూసింది. చివరికి ఒకటి నచ్చింది. భర్త పోయిన ముసలావిడ ఇల్లది. ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లిపోతూ అమ్ముతోంది. బేరం కుదిరింది. మనూళ్లో అయితే బయానా పుచ్చుకున్నాక మాట తప్పినవాణ్ణి నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. ఆ దేశంలో అలా కాదట. ఇద్దరి లాయర్ల దగ్గరా సంతకం కాయితాలు చేతులు మారేదాకా అమ్మేవాళ్లు అమ్మేవాళ్లు కారు, కొనేవాళ్లు కొనేవాళ్లు కారు. ఎవరు ఎప్పుడు తప్పుకున్నా అడిగే దిక్కు లేదు.

ఈ సంగతి సత్యకుమారి మొగుడికి విడమరిచి చెప్పింది. ఇంకెవరో చూసి వెళ్లారట, ఎక్కువిస్తామంటున్నారట, ఈ శుక్రవారం దాటితే ముసలావిడ ఆగదట అని కూడా చెప్పింది. అంతా విని ఆదిశేషు, "అక్క ఆషాఢం అంటోంది సత్యా, ఆవిడ మాట తీసెయ్యలేం కదా," అన్నాడు.

ఆ శుక్రవారం ఇవాళే.

"ఆ ఇల్లు నీకెందుకు వద్దు?" అంది పేరమ్మ.

"వద్దని నేననలేదు."

"అనవు. వద్దనకుండా వద్దనిపించడం నీకు చిన్నప్పట్నించీ అలవాటే. బడికెళ్లనని ఒక్కరోజన్నా అన్నావా? పలక కాలవలో పడిపోయిందని వచ్చేవాడివి. ఎన్ని పలకలు పడ్డాయిరా ఆ కాలవలో?"

ఆదిశేషుకి నవ్వొచ్చింది. పేరమ్మకి రాలేదు.

"ఇల్లు బాలేదా?"

బాగానే ఉంది. ఫోన్లో చూపించింది సత్యకుమారి, వీధి గుమ్మం నించి పెరటిదాకా నడుచుకుంటూ. ఎర్ర ఇటిక ఇల్లు. పక్కింటికీ దీనికీ మధ్య గోడ ఒకటే. మెట్లకి కింద నించి పైదాకా తివాసీ. "మెట్లకి దుప్పటి కప్పారేంటే?" అని ఆదిశేషు అంటే కూతురు శ్రీదుర్గ కెమెరా వెనకనించి పకపకా నవ్వింది. బట్టలుతికే మిషను వంటింట్లో ఉంది. వేణ్ణీళ్లకో కొళాయి, చన్నీళ్లకో కొళాయి, రెండూ కలవవు. పోపు గట్టిగా పెడితే పైకప్పు నించి అలారం కూస్తుందట. పెరటి తలుపు తీసి చూపిస్తే కనుచూపు మేరా చదునైన నేల, క్యాబేజీ తోటలు, మధ్యలో గట్టు కట్టిన కాలవ. చేలకంటే కాలవే ఎత్తుగా ఉంది. "మన కోనసీమే కదండీ, కొబ్బరిచెట్లు లేవంతే," అంది సత్యకుమారి. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం పెళ్లినాటి ఫోటోలో ఉన్నట్టు ఉంది. అంతవరకూ ఆదిశేషు బాగానే ఉన్నాడు.

తర్వాత మేడ మీద గదులు చూపించింది.

"చిన్న గది ఒకటుంది," అన్నాడు అక్కతో.

"అయితే?"

"మీరొచ్చినప్పుడు మీ సామాన్లు ఇందులో పెట్టుకోవచ్చు అంది."

"మంచిదే కదరా?"

"వచ్చినప్పుడు అంది అక్కా. చుట్టాన్ని అన్నట్టు."

పేరమ్మ తమ్ముడి వంక చాలాసేపు చూసింది. ఆవిడ పనిచేసేది ఒక అరబ్బుల ఇంట్లో, వంటమనిషి. ఇవాళ ఇంటావిడ పొద్దుగూకే దాకా సెలవిచ్చింది.

"నా సామాను ఏళ్ల తరబడి వాళ్ల బట్టల మిషను వెనకాల ఉందిరా," అంది. "ఇది నీ గది పేరమ్మా అని నాకు ఫోన్లో చూపించినవాళ్లు లేరు."

ఆదిశేషు తల దించుకున్నాడు.

"అక్కడ నేనేం చెయ్యను?" అన్నాడు.

"ఇక్కడేం చేస్తున్నావు? బస్సు నడుపుతున్నావు. అక్కడా బస్సులుంటాయి."

"అక్కడ ఎడమపక్క నడపాలి. ఈ దేశమొచ్చి కుడిపక్కకి అలవాటు పడ్డాను."

"మనూళ్లోనూ ఎడమపక్కే కదరా."

పొద్దున్నే మనుషుల్ని ఎక్కించుకుని సజ్జా ఫ్యాక్టరీల దగ్గర దింపి, సాయంత్రం మళ్లీ ఎక్కించుకొచ్చి ఇక్కడ దింపడం అతని పని. దానికి మాటలక్కర్లేదు. యల్లా అంటే ఎక్కుతారు, ఖలాస్ అంటే దిగుతారు. ఆ రెండు మాటలతో ఇన్నేళ్లు గడిచాయి.

అప్పుడే ఆదిశేషు ఫోను మోగింది. వీడియో. సత్యకుమారి.

ఆదిశేషు చెయ్యి చాపేలోపల పేరమ్మ తీసింది.

నర్సు డ్రెస్సులో ఉంది సత్యకుమారి. వెనక తెల్ల గోడ, దాని మీద చేతులెలా కడుక్కోవాలో బొమ్మలు. వదిన మొహం చూడగానే పమిట సర్దుకోబోయి, ఒంటిమీద పమిట లేదని గుర్తొచ్చి చెయ్యి దించేసింది.

"నమస్కారం వదినా. మీరొచ్చారని తెలీదు."

"శుక్రవారం కదమ్మా. ఇంత చేమదుంపల పులుసు తెచ్చాను వీడికి. తిన్నావా?"

"తిన్నానండి."

"ఏం తిన్నావు?"

"బ్రెడ్డే."

"బ్రెడ్డు తినడమేంటి, మధ్యాన్నం పూట?"

"బ్రేకు కొంచెమే వదినా."

సత్యకుమారి వెళ్లి గది తలుపు మూసి వచ్చింది.

"వదినా, మిమ్మల్ని ఒక్క మాట అడగనా? మీరు పెద్దవారు, ఏవనుకోకండి." సత్యకుమారి గొంతులో తడబాటు లేదు. "ఆషాఢం అని సంతకం వద్దన్నది మీరేనా?"

పేరమ్మ ఫోను మీదనించి తమ్ముడి వంక చూసింది. చెప్పు అన్నట్టు చూసింది. ఇప్పుడు చెప్పినా మించిపోలేదు అన్నట్టు చూసింది. ఆదిశేషుకి ఆ చూపు తెలుసు. నాన్న బెత్తం తీసినప్పుడు, పలక సంగతి నువ్వే చెప్పేయరా అని అక్క ఇలాగే చూసేది. అప్పుడూ అతను నేల చూసేవాడు. ఇప్పుడూ నేలే చూశాడు.

"నేనేనమ్మా," అంది పేరమ్మ.

"మీరేనా?"

"నేనే. ముసలి బుర్ర, ఏదో విన్నది పట్టుకుని అడ్డం పడ్డాను. ఇందాకే పంతులుగారిని అడిగాను. సంతకానికి దోషం లేదన్నారు. పాలు పొంగించడం శ్రావణంలో పెట్టుకోండి. నా మాట పట్టుకుని ఇల్లు పోగొట్టుకోకు తల్లీ."

అవతలి మొహం కాసేపు కదల్లేదు. సిగ్నలు పోయిందేమోనని పేరమ్మ ఫోన్ని కిటికీ వైపు జరిపింది.

"ఇందాకే అడిగారా వదినా?"

"ఇందాకే."

"సరేనండి." సత్యకుమారి కళ్లు తుడుచుకుంది. ఎందుకు తుడుచుకుందో పేరమ్మకి అంతు చిక్కలేదు. "మీరు మంచివారు వదినా. ఆయనకివ్వండి."

ఫోను ఆదిశేషు చేతికొచ్చింది.

"విన్నారుగా?"

"విన్నాను."

"వదిన ఒప్పుకున్నారు. పంతులుగారూ ఒప్పుకున్నారు. ఇంకెవరున్నారండి మన మధ్య?"

"ఎవరూ లేరు."

"అయితే చెప్పండి."

"ఏం చెప్పను?"

"మీ మనసులో ఏముంటే అది."

ఆదిశేషు నోరు తెరిచాడు. మాట ఒకటి గొంతు దాకా వచ్చింది. అది పైకి ఎలాంటి మాటగా వస్తుందో అతనికే తెలియలేదు. ఇద్దరు ఆడవాళ్లు తనవంకే చూస్తున్నారు.

"నీ ఇష్టం సత్యా," అన్నాడు.

"నా ఇష్టం," అంది సత్యకుమారి. అడిగినట్టు కాదు, అప్పజెప్పినట్టు అంది. "సరే. బ్రేకు అయిపోయింది. ఉంటానండి."

తెర నల్లబడింది.

పేరమ్మ స్కార్ఫు తలకి చుట్టుకుంది. సంచిలోంచి పులుసు గిన్నె తీసి కిటికీ దగ్గర, చల్లారిపోయిన టీ పక్కన పెట్టింది.

"అప్పుడే వెళ్తావా? పొద్దుగూకే దాకా టైముందిగా."

"ఉంది. ఈ గదిలో లేదు."

"అక్కా."

"నీ ఇష్టం అన్నావేంట్రా? నింద నెత్తినేసుకుని దారి చేస్తే, ఆ దారిన ఒక్క అడుగు వెయ్యలేకపోయావా?" చెప్పులేసుకుంటూ అంది. "పెళ్లాం దగ్గర భయమైతే భయమని చెప్పాలి. దానికి పరువు పోదు. నీ ఇష్టం అంటే పోతుంది. పులుసు రాత్రికి వేడి చేసుకో."

తలుపు దగ్గర ఆగింది. ఇంకేదో అంటుందని ఆదిశేషు చూశాడు. పేరమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది, తీసేసింది, వెళ్లిపోయింది. లిఫ్టు ఎంతకీ రాక మెట్లు దిగుతున్న చప్పుడు కింద దాకా వినిపించింది.

ఆదిశేషు మంచం మీద పడుకున్నాడు. ఇప్పుడు సత్య డ్యూటీ దిగి ఉంటుంది. ఇప్పుడు లాయరు ఆఫీసుకి వెళ్తుంటుంది. లేదా వెళ్లట్లేదేమో. ఇల్లు పోతే తను కోరుకున్నదే జరిగినట్టు. అలా అనుకోగానే గదిలో గాలి చాలనట్టయింది. లేచి కూర్చున్నాడు. ఫోను చేద్దామంటే గోడ అవతల అజ్మల్ లేచి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఈ గదిలో ఎవరి మాటా ఒక్కరిది కాదు.

తాళాలు తీసుకుని కిందికి దిగాడు.

ఎండ వాలినా వేడి వాలలేదు. బిల్డింగుల వెనక ఇసక ఖాళీ స్థలంలో బళ్లు ఆగి ఉన్నాయి. వాటి మధ్య అతని బస్సు. తలుపు తోసి ఎక్కితే లోపల కుంపటిలా ఉంది. ఇంజను వేసి, ఏసీ పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అద్దం ముందు దుమ్ములో పిల్లలు ఎవరో బంతి ఆడుతున్నారు. మలయాళం, తెలుగు, ఉర్దూ కలిపి అరుచుకుంటున్నారు. అయినా ఒకరి మాట ఒకరికి అర్థమవుతూనే ఉంది.

ఫోను చేశాడు. శ్రీదుర్గ ఎత్తింది.

"నాన్నా? ఎక్కడున్నావు, అంత చప్పుడు?"

"బస్సులో."

"ఫ్రైడే డ్యూటీయా?"

"కాదు. ఊరికే కూచున్నాను. అమ్మ లాయరు దగ్గరికెళ్లిందా?"

"ఎందుకు?"

"సంతకానికి."

అవతల శ్రీదుర్గ ఏదో ఆలోచించుకుంది. పదో క్లాసు ఈడు పిల్ల. అక్కడికెళ్లాక మాట్లాడే ముందు ఆగడం నేర్చుకుంది.

"నాన్నా, అమ్మ నిన్ననే పెట్టేసింది."

"నిన్నా?"

"నిన్న పొద్దున. అటువాళ్లవీ ఇటువాళ్లవీ పేపర్లు మారిపోయాయి కూడా. తాళాలు శ్రావణమాసంలో ఇస్తారు, ఆ డేటు అమ్మే అడిగి పెట్టించుకుంది."

బంతి వచ్చి బస్సు చక్రానికి తగిలింది. ఒక పిల్లాడు వంగి తీసుకుపోయాడు.

"నిన్న పెట్టేస్తే మధ్యాన్నం ఎందుకు చేసింది? అత్తని ఆ మాటెందుకు అడిగింది?"

"అది ఇంటి గురించి కాదంట నాన్నా."

ఆదిశేషు ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు.

"బుధవారం అమ్మ పంతులుగారికి తనే ఫోన్ చేసింది," అంది శ్రీదుర్గ. తప్పు చేసింది తనే అన్నట్టు నెమ్మదిగా చెప్పింది. "ఆయన మొత్తం చెప్పేశారు. నీకు ఎప్పుడు చెప్పారో కూడా. ఇవాళ నువ్వు చెప్తావేమోనని చేసింది. అత్త తన మీద వేసుకునేసరికి డ్యూటీ నించి వచ్చాక కూడా ఏడ్చింది."

"ఇంటికొచ్చేసిందా?"

"ఇక్కడే ఉంది నాన్నా. నా పక్కనే."

ఇందాకట్నించీ వింటోందన్నమాట.

"ఇయ్యి."

ఫోను చేతులు మారింది. సత్యకుమారి హలో అనలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. అటువైపు ఎక్కడో వాన పడుతున్నట్టుంది.

"సత్యా."

"ఊఁ."

"నాకు ఆ ఊరంటే భయం."

ఆదిశేషు ఆగలేదు. ఆగితే మళ్లీ రాదని అతనికి తెలుసు.

"ఇల్లు బాగుంది. కాలవ బాగుంది. నువ్వు డ్యూటీకెళ్తావు, పిల్ల బడికెళ్తుంది. నేనొక్కణ్ణీ ఆ ఇంట్లో కూచునుంటాను. ఒకటే గోడ కదా, పక్కింటాయన వచ్చి ఏదో అడుగుతాడు. ఏవడిగాడో నాకు అర్థం కాదు. నువ్వొచ్చే దాకా ఆ మాట అలాగే గుమ్మంలో ఉంటుంది. రోజూ అంతే. ఇక్కడైతే నా కోసం నలభై మంది కాసుకుని ఉంటారు. అక్కడ నేను కాసుకుని ఉండాలి. అందుకే పంతులుగారి మాట చెప్పలేదు. అక్క తప్పేం లేదు."

ఇన్ని మాటలు ఒక్కబిగిన మాట్లాడి అతనికి ఎన్నేళ్లయిందో. అటువైపు వాన చప్పుడు అలాగే ఉంది.

సత్యకుమారి అడిగింది. కోపంగా అడగలేదు. రోగిని ఎక్కడ నొప్పి అని అడిగినట్టు అడిగింది.

"ఏవండీ, ఇది మీ మాటేనా? వదిన చెప్పమంటే చెప్తున్నారా?"

ఆదిశేషు అలవాటుగా తలెత్తి పై అద్దంలోకి చూశాడు. వెనక సీట్లన్నీ చివరిదాకా ఖాళీగా ఉన్నాయి.